కోదాడలో మొలిచిన నా బ్రోకలీ

ఇన్‌లాండ్ లెటర్ ఆఖరి మడత విప్పిన క్షణంలో నోట్లో ఉన్న చాయ్ నోట్లోనే ఆగిపోయింది. మింగడం మరిచిపోయాను. కోదాడ నుంచి మా వసంతక్క తన గుండ్రటి అక్షరాలతో ఇట్లా రాసింది:

"చెల్లీ, నువ్విచ్చిన గింజలు ఒక్కటి పోకుండా మొలిచినాయి. ఆకులు గోబిపువ్వు ఆకుల్లాగే ఉన్నాయి. పువ్వు మాత్రం ఎంతకీ తెల్లబడటం లేదు. ముదురు ఆకుపచ్చగా, గట్టిగా, చిన్న గిన్నెంత వచ్చింది. ఏదైనా తెగులేమోనని భయంగా ఉంది. పీకి బర్రెకు వేద్దామని మీ బావ అంటున్నారు. నువ్వు చదువుకున్నదానివి. నువ్వెట్లా చెబితే అట్లా చేస్తాం."

ఇందులో భయపడే సంగతి ఏముందని మీరు అనుకోవచ్చు. ఉంది. నేను వసంతక్కకు ఇచ్చినవి ఆవాలు. మా ఇంటి పోపు డబ్బాలోంచి నా చేత్తో తీసి, పొట్లం కట్టి ఇచ్చిన ఆవాలు. అసలైన బ్రోకలీ గింజలన్నీ నేనే ఉంచుకున్నాను. మరి కోదాడలో ఆవాలకు ఆకుపచ్చ గోబిపువ్వులు కాస్తున్నాయంటే, సూర్యాపేటలో మా పెరట్లో మూడు నెలలుగా నేను చంటిపిల్లల్లా సాకుతున్నవి ఏమిటి?

మెల్లగా తల తిప్పి కిటికీలోంచి చూశాను. సన్నగా, పొడుగ్గా, గాలికి ఊగుతూ పన్నెండు మొక్కలు. వాటి కొసల్లో చిట్టి చిట్టి పసుపు పూలు. ఇంత ఆలస్యంగానా గుర్తుపట్టేది అన్నట్టు నిలబడ్డాయి.

అప్పుడు చాయ్ మింగాను. అది చల్లారిపోయి ఉంది.

అది బుధవారం. ఆదివారం వచ్చేసరికి మా ఇంట్లో నలభై మంది విస్తరాకుల ముందు నుంచి ఒక్కసారిగా లేచారు. కరెంటాఫీసు పెద్దసారు చేతిరుమాలులో ఉమ్మేశారు. మా అత్తమ్మ నా బిడ్డ నోట్లో రెండు వేళ్ళు పెట్టి కూర తోడబోయింది. అంతా నా కుళ్ళుబోతుతనం పుణ్యమే. నాలుగేళ్ళయింది కాబట్టి ఇప్పుడు రాయగలుగుతున్నాను. మీరు నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. వసంతక్క మాత్రం ఇది చదవకపోతే బాగుండు.

*

వసంతక్క మా ఆయన అన్న భార్య. తోటికోడలిని మా దిక్కు యారాలు అంటాం. ఆమె చదివింది ఏడో తరగతి. నేను మిర్యాలగూడ కాలేజీలో బీయస్సీ చేశాను. అందులోనూ వృక్షశాస్త్రం. మొక్కల కుటుంబాలన్నీ నాకు చుట్టాల పేర్లలా వచ్చు. కాని మొక్కలకు మాత్రం నేనెవరో తెలియదు. నేను నీళ్ళు పోస్తే బంతి చెట్టు కూడా నావైపు అనుమానంగా చూసేది.

వసంతక్క సంగతి వేరు. కోదాడలో చిలుకూరు పోయే తొవ్వలో వాళ్ళ ఇల్లు. ఇంటి వెనక ఇంత జాగా. అందులో వంకాయ, బీర, సొర, గోబిపువ్వు, ఒకదాన్నొకటి నెట్టుకుంటూ కాసేవి. ఆమె పళ్ళు తోమి పారేసిన వేపపుల్ల కూడా చిగురు పెట్టేదేమోనని నా అనుమానం. మా ఆయన కోదాడ పోయి వచ్చిన ప్రతిసారీ రెండు సంచులతో దిగేవాడు. ఒక్కో గోబిపువ్వునీ రెండు చేతులా ఎత్తి, దవాఖానలో నర్సు పుట్టిన బిడ్డను చూపించినట్టు చూపించేవాడు.

"చూడు సుజాతా, వదిన పెంచిన పువ్వు. బరువు చూడు."

నేను చూసేదాన్ని కాదు. మా అత్తమ్మ చూసేది. ఆమె పెన్‌పహాడ్ దిక్కు నుంచి వచ్చిన వ్యవసాయపు మనిషి.

"మా వసంత చెయ్యి వడ్డదంటే రాయి గూడ మొలుస్తది," అనేది అత్తమ్మ.

"మరి నా చెయ్యో అత్తమ్మా?"

అత్తమ్మ కాసేపు నిజాయితీగా ఆలోచించేది. "నీ చెయ్యి గూడ మంచిదే బిడ్డా. చాయ్ మంచిగ పెడ్తవ్."

కూరగాయల దాకా ఎట్లాగో ఓర్చుకున్నాను. పిల్లల దగ్గరే నా ఓర్పు ఖతమైంది. మా రవికి అప్పుడు ఏడేళ్ళు, చిన్నికి మూడు నిండబోతున్నాయి. ఇద్దరికీ తిండి అంటే శిక్ష. స్నానం చేయించేటప్పుడు వాళ్ళ పక్కటెముకలు లెక్కపెట్టేదాన్ని, నిన్నటికంటే ఒకటి ఎక్కువ కనబడుతుందేమోనని. రోజుకో భయం. వాళ్ళు తుమ్మితే భయం, తుమ్మకపోతే అదీ భయమే. వసంతక్క కొడుకులిద్దరూ మాత్రం చిన్న పహిల్వాన్లు. వాళ్ళు మా ఇంటికి వస్తే మంచాలు కిర్రుమనేవి.

ఒకసారి సెలవుల్లో కోదాడ పోయి వచ్చి మా రవి పళ్ళెం ముందు కూర్చున్నాడు. కూర వేలితో పొడిచాడు.

"అమ్మా, పెద్దమ్మ చేసిన గోబికూర మస్తుంటది. రెండుసార్లు ఏయించుకున్న."

"ఇది కూడా గోబికూరే కదరా."

"గిది గడ్డి లెక్క ఉన్నది."

ఆ పువ్వు వసంతక్క పంపిందే. పువ్వు ఆమెదే, చెయ్యి మాత్రం నాది. ఆ రోజు గిన్నెలు తోముతుంటే గిన్నెలు సొట్టలు పోయాయి.

*

సరిగ్గా అప్పుడే హైదరాబాద్‌లో వ్యవసాయ కాలేజీలో చదువుతున్న మా తమ్ముడు శేఖర్ ఒక చిన్న కవరు పంపాడు. లోపల చిటికెడు గింజలు, ఒక చీటీ. "అక్కా, ఇవి బ్రోకలీ గింజలు. ఆకుపచ్చ గోబిపువ్వు అనుకో. పిల్లలకు చాలా బలం. మన దిక్కు ఎవరి పెరట్లోనూ ఉండదు. చలికాలంలోనే వస్తుంది. పూలు విచ్చుకోకముందే కొయ్యాలి."

తల్లిని కదా, "పిల్లలకు బలం" అన్న ముక్క ఒకసారి చదివాను. "ఎవరి పెరట్లోనూ ఉండదు" అన్న ముక్క ఏడుసార్లు చదివాను.

అబద్ధమెందుకు, నేనప్పుడే కలగన్నాను. మా ఆయన కోదాడకు సంచి మోసుకుపోతున్నాడు. సంచిలో నా బ్రోకలీ. వసంతక్క దాన్ని రెండు చేతులా ఎత్తి చూస్తోంది. "ఇది ఎట్లా పెంచావు చెల్లీ?" అని అడుగుతోంది. నేను చెప్పడం లేదు.

వినాయకచవితి పోయిన వారానికి సూర్యాపేటలో ఏదో పెళ్ళికని వసంతక్క వచ్చి మా ఇంట్లో రెండు రోజులుంది. కవరు దాచడం మరిచిపోయాను. కిటికీ మీద ఉన్నదాన్ని ఆమె తీసి చూసింది.

"ఇవేం గింజలు చెల్లీ? అచ్చం ఆవాల్లాగా ఉన్నాయి."

"అదేదో బ్రోకలీ అంట అక్కా. మన దిక్కు వస్తదో రాదో."

"వస్తే వచ్చింది, లేకపోతే లేదు. నాకూ రెండు గింజలు ఇవ్వవా? వేసి చూస్తా."

నవ్వుతూనే అడిగింది. ఎన్ని సంచుల కూరగాయలు పంపిన మనిషి! ఆమెకు నేను ఇవ్వగలిగింది మొదటిసారి ఒకటి దొరికింది. "అయ్యో, దానికేముందక్కా, ఇస్త" అని నా నోరు అంది. నా కళ్ళు మాత్రం కవరు మీదే ఉన్నాయి. ఈమె చేతిలో పడితే బ్రోకలీ కూడా సొరకాయంత కాస్తుంది. నా దగ్గర మిగిలిన ఒక్క గొప్పా పోతుంది.

అచ్చం ఆవాల్లాగా ఉన్నాయి అన్నది ఆమే కదా. ఉపాయం కూడా ఆమే ఇచ్చినట్టయింది.

వంటింట్లోకి పోయి పోపు డబ్బాలోంచి చిటికెడు ఆవాలు తీశాను. రవి పాత నోటుబుక్కు కాగితంతో రెండు పొట్లాలు కట్టాను. ఒకదాంట్లో ఆవాలు, ఒకదాంట్లో బ్రోకలీ. చూడటానికి రెండూ ఒక్కటే. నేనే మోసపోకూడదని అసలు పొట్లం మీద పసుపు బొట్టు పెట్టి అలమారలో దాచాను. ఆవాల పొట్లం తీసుకుపోయి వసంతక్క సంచిలో, చీరల పైన పెట్టాను. ఇంత పని చేస్తూ కూడా నేను చెడ్డదాన్ని అనిపించలేదు. తెలివైనదాన్ని అనిపించింది. వృక్షశాస్త్రం చదివినందుకు ఒక్కసారి పనికొచ్చింది అనుకున్నాను.

అంతలో చిన్ని పెరట్లో జారిపడి ఏడుపు మొదలుపెట్టింది. పరుగెత్తాను. దాని మోకాలికి పసుపు అద్ది, ఊదుకుంటూ తిరిగొచ్చేసరికి వసంతక్క సంచి పట్టుకుని గుమ్మంలో ఉంది. బస్సు టైమైంది.

"పోయొస్తా చెల్లీ. గింజలు పెట్టావుగా?"

"పెట్టిన అక్కా. జాగ్రత్తగ ఏసుకో."

జాగ్రత్తగా! ఎంత ప్రేమగా అన్నానో.

*

ఆమె పోయిన మర్నాడు పసుపు బొట్టు పొట్లం విప్పి, మట్టికుండలో మెత్తటి మట్టి పోసి గింజలు చల్లాను. నాలుగో రోజుకే మొలిచాయి. ఆనందంతో మా ఆయన్ని ఆఫీసుకు పోనివ్వకుండా కుండ దగ్గర నిలబెట్టాను.

"మొలిచినయి కదా, ఇగ నన్ను పోనియ్యి," అన్నాడాయన.

"ఆకు ఆకారం చూడండి. ఇది గోబి జాతి అని ఇక్కడే తెలుస్తది."

"నాకు లేటైతదని కూడ ఇక్కడే తెలుస్తది."

మొక్కలు తీసి పెరట్లో నాటాను. ఎండ తగలకుండా నా పాత చీర కట్టాను. పురుగు పడకుండా వేపాకు నీళ్ళు చల్లాను. పిల్లలకు పాలు పట్టడం మరిచిపోయిన రోజుంది కాని, మొక్కలకు నీళ్ళు మరిచిన రోజు లేదు. అవి కూడా నా మీద దయతో ఎదిగాయి. ఎదిగాయి, ఎదిగాయి, ఆగలేదు. గోబి మొక్క పొట్టిగా ఉంటుంది, ఇవి నా భుజం దాకా వచ్చాయి. బ్రోకలీ పరదేశపు మొక్క కదా, పొడుగ్గానే ఉంటుందనుకున్నాను.

ఒకరోజు మా అత్తమ్మ ఆకు తుంచి, నలిపి, వాసన చూసింది.

"సుజాతా, ఇవి ఆవాల చెట్ల తీరుగ ఉన్నయే."

నాకు నవ్వొచ్చింది. జాలిపడి మరీ వివరించాను. "అత్తమ్మా, ఆవాలు, గోబి, బ్రోకలీ అన్నీ ఒకటే కుటుంబం. అందుకే వాసన గట్ల ఉంటది. మేము కాలేజీల చదివినం."

"ఏమో బిడ్డ. నేను కాలేజీల చదువలే. ఆవాలే పండిచ్చిన."

ఆ తర్వాత కొసల్లో చిన్న చిన్న మొగ్గల గుత్తులు వచ్చాయి, ఆకుపచ్చగా, దగ్గర దగ్గరగా. అదుగో బ్రోకలీ! పప్పుగింజంత ఉంది, కాని బ్రోకలీయే. ఇంకా పెద్దది కావాలి కదా అని ఎదురుచూశాను. మొగ్గ విచ్చుకుని పసుపు పువ్వు బయటపడితే గిల్లేసేదాన్ని. పూలు విచ్చుకోకూడదని తమ్ముడు రాశాడు కదా. రోజూ పొద్దున్నే లేచి పూలు గిల్లడం నా పని. మొక్కలకు కోపమొచ్చి మరిన్ని పూలు పూసేవి. ఒక నెలంతా నేనూ ఆవాలూ అట్లా పంతానికి పోయాం.

ఇంతటితో ఆగితే ఇది మా పెరటి గోడల మధ్యే సమసిపోయేది. కాని నాకు కుళ్ళుతో పాటు గొప్పలు చెప్పుకునే రోగం కూడా ఉంది. డిసెంబరులో చిన్ని మూడో పుట్టినరోజు. మా అమ్మావాళ్ళను మిర్యాలగూడ నుంచి పిలిచాను. మా ఆయన ఆఫీసువాళ్ళను పిలిచాను. వాడకట్టంతా పిలిచాను. అందరికీ ఒకటే మాట: "ఆదివారం పొద్దున మీరు ఎన్నడూ తినని కూర పెడ్త. మా పెరట్ల పండిందే." కోదాడకు ఉత్తరం రాసి వసంతక్కను ప్రత్యేకంగా రమ్మన్నాను. ఆమె చూడకపోతే ఇన్ని రోజుల పూలు గిల్లుడు దేనికి?

ఆ ఉత్తరానికి జవాబే నేను మొదట చెప్పిన ఇన్‌లాండ్ లెటర్.

*

నిజం చెప్పేసే దారి ఒకటుంది. కానీ నేను ఆ దారిలో అడుగు పెట్టలేదు. శుక్రవారం పొద్దున్నే చిన్నిని చంకనేసుకుని కోదాడ బస్సెక్కాను. దారి పొడుగునా ఒకటే భయం, బర్రె నాకంటే ముందు తినేస్తుందేమోనని.

తినలేదు. పెరట్లో పన్నెండు బ్రోకలీ పువ్వులు, నీలం కలిసిన ఆకుపచ్చ రంగులో, మంచు బిందువులతో, కొత్త పెళ్ళికూతుళ్ళలా తలవంచుకుని కూర్చున్నాయి. ఒక్కోటి ఇంతింత! నాకు ఏడుపొచ్చింది. వసంతక్క నా ముఖం చూసి కంగారుపడింది.

"ఏంటి చెల్లీ, అంత చెడ్డ తెగులా?"

అక్కడ నేను నోరు మూసుకోవాల్సింది.

"చాలా చెడ్డది అక్కా. పచ్చతెగులు. అంటుకుంటది."

"అయ్యో! నా గోబిపూలకు అంటుద్దా?"

"గోబికి అంటుతది, మనుషులకు కూడ మంచిది కాదు. బర్రెకు అసలే వెయ్యొద్దు. నేను తీస్కపోయి మా తమ్మునికి చూపిస్త."

"చూపించడానికి ఒక పువ్వు చాలదూ?"

"చాలదక్కా. తెగులు ఒక్కో పువ్వుల ఒక్కో తీరు ఉంటది. పన్నెండూ చూడాలె."

ఆమె నమ్మింది. చదువుకున్నదాన్ని కదా. చేతులకు గుడ్డ చుట్టుకుని పన్నెండు పువ్వులూ తనే కోసింది. కొడుకులిద్దర్నీ పిలిచి మోచేతుల దాకా సబ్బుతో కడిగించింది. నేను వద్దనేలోపే మొక్కలు వేర్లతో సహా పీకి మంట పెట్టించింది. పువ్వు కోసిన తర్వాత పక్క కొమ్మలకు ఇంకో నెల రోజులు చిన్న పువ్వులు వస్తాయని తర్వాత తమ్ముడు చెప్పాడు. ఆ నెల రోజుల బ్రోకలీ నా కళ్ళముందే పొగైపోయింది.

నేను బస్సెక్కబోతుంటే ఇంకో సంచి నా చేతిలో పెట్టింది. నిండా తెల్లటి గోబిపువ్వులు.

"పుట్టినరోజుకు వండు. పాపం, నీ పనులన్నీ వదులుకుని నా మొక్కల కోసం ఇంతదూరం వచ్చావు."

ఆ బస్సులో నేను రెండు సంచుల మధ్య కూర్చున్నాను. ఒకదాని వైపు చూడలేకపోయాను. అది ఏ సంచో చెప్పను.

*

ఆదివారం. ఇంటిముందు టెంటు. విస్తరాకులు పరిచారు. బ్రోకలీ గుత్తులు గుత్తులుగా కోసి, ఉల్లిగడ్డ, అల్లం వెల్లుల్లి వేసి, రంగు పోకుండా వేయించాను. ముక్కలైపోయాక వసంతక్క గుర్తుపట్టదులే అనుకున్నాను. వడ్డన నేనే చేశాను. మనిషికి రెండు గుత్తులు.

"ఇదేనామ్మా ఆ కూర?" అన్నారు ఆఫీసు పెద్దసారు. "చెట్టును చిన్నగ చేసి వండినట్టుంది."

"బ్రోకలీ సార్. మా పెరట్ల పండిందే."

పెద్దసారు నోట్లో వేసుకున్నారు. తలూపారు. మా అమ్మ మురిసిపోయింది. అంతకంటే పెద్ద వింత, చిన్ని! మూడేళ్ళలో ఒక్క కూరగాయను నాలుక దాటనివ్వని నా బిడ్డ ఒక గుత్తిని చేత్తో పట్టుకుని, కొరికి, నమిలి, "అమ్మా, ఇంకోతి" అంది. నేను గరిట పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. ఈ ఒక్క మాట కోసం ఎన్ని మొక్కులు మొక్కానో.

సరిగ్గా అప్పుడు వరుస చివర కూర్చున్న వసంతక్క తన విస్తరాకులోని గుత్తి తీసి చూసింది. అటు తిప్పింది. ఇటు తిప్పింది. ఆ రంగు ఆమె మరిచిపోయే రంగు కాదు.

"చెల్లీ!" అంటూ లేచి నిలబడింది. "ఇది తెగులు పువ్వు! పిల్లలెవ్వరూ తినొద్దు! ఉమ్మెయ్యండి, ఉమ్మెయ్యండి!"

ఆ తర్వాత జరిగినదాన్ని భోజనం అనలేం. తల్లులందరూ ఒకేసారి పిల్లల నోళ్ళలో వేళ్ళు పెట్టారు. పెద్దసారు చేతిరుమాలు వెతుక్కున్నారు. "ఉప్పు నీళ్ళు తాపున్రి" అని ఒకరు, "చింతపండు నీళ్ళు" అని ఒకరు, "ఆటోను పిలువున్రి, దవాఖానకు పోదాం" అని ఒకరు. మా అత్తమ్మ చిన్నిని ఒడిలో పడేసుకుని నోట్లో వేళ్ళు పెట్టింది. చిన్ని నోరు తెరవదు. బ్రోకలీ వదలదు. వదలకుండా అత్తమ్మ వేలు కొరికింది.

"ఉమ్మెయ్ బిడ్డా, ఉమ్మెయ్!"

"నాది! నేనివ్వ!"

నా బిడ్డ మొదటిసారి ఇష్టంగా తింటున్న తిండిని దాని నోట్లోంచి లాగుతున్నారు. ఇక నావల్ల కాలేదు.

"అత్తమ్మా, తీయకు!" అని అరిచాను. "అది తెగులు కాదు! అది బ్రోకలీ! మంచిదే! బలం!"

అందరూ ఆగిపోయారు.

"నువ్వే కదా తెగులన్నావు?" అంది వసంతక్క.

"అన్న అక్కా. కాదు."

"కాదంటే?"

"నీ పెరట్ల కాసింది బ్రోకలీయే. మంచిగ కాసింది. నేనే తెగులని చెప్పి తెచ్చిన."

మా ఆయన మెల్లగా పెరటి వైపు వేలు చూపించాడు. "మరి మన చెట్లేంది?"

"అవి ఆవాలు."

"నేను చెప్పలే?" అంది అత్తమ్మ, వేలు విదిలించుకుంటూ.

"ఆవాలెందుకేసినవ్?" అన్నాడాయన.

నిజంగానే నాకు తెలియదు. పసుపు బొట్టు పొట్లం విప్పిందే కదా నేను! పొట్లాలు వాటంతటవే మారిపోయాయా? ఆ చిక్కు విప్పింది మా అత్తమ్మ. పాపం, నన్ను కాపాడటానికే నోరు తెరిచింది.

"పొట్లాలు నేను మార్చిన తియ్యి," అంది మామూలుగా. "ఆ దినం వసంత సంచిల గింజల పొట్లం చూసిన. బొట్టు లేదు. విత్తనం పసుపు లేకుండ ఇంట్ల నుంచి బయటికి పోతదా? చిన్నిది పడ్డదని పసుపు డబ్బ నువ్వు పెరట్లకు తీస్కపోయినవ్. బస్సు టైమైతున్నది. సూస్తే అలమార్ల ఇంకో పొట్లం, బొట్టు పెట్టే ఉన్నది. అది వసంత సంచిల పెట్టి, బొట్టు లేనిదాన్ని అలమార్ల పెట్టిన. తర్వాత దానికి గూడ బొట్టు పెట్టిన. రెండూ ఒకటే గింజలు కదనే?"

వసంతక్క నా ముఖం చూసింది. ఏడో తరగతి లెక్కే అది. రెండు పొట్లాలు. ఒకదాంట్లో బ్రోకలీ, ఒకదాంట్లో ఆవాలు. ఆమె సంచిలో నేను పెట్టింది ఏది?

"అంటే నువ్వు నాకు ఆవాలు కట్టిచ్చావన్నమాట," అంది.

నేను గరిట వైపు చూస్తూ తలూపాను.

"బీయస్సీ చదివిచ్చినం దీన్ని," అంది మా అమ్మ, ఎవరికో సమాధానం చెప్పుకుంటున్నట్టు.

వసంతక్క తిడుతుందనుకున్నాను. సంచి తీసుకుని బయటికి పోతుందనుకున్నాను. ఆమె వచ్చి నా చేతిలోని గరిట తీసుకుంది. కూర గిన్నె చంకన పెట్టుకుంది.

"కూర్చోండి, అందరూ కూర్చోండి. భయం లేదు. నా పెరట్లో కాసినవే, నా చేత్తో కోసినవే. పెద్దయ్యగారూ, మీకు ఇంకో రెండు వెయ్యనా?"

అందరూ కూర్చున్నారు. అందరూ తిన్నారు. "ఏం రుచమ్మా!" "ఏం చెయ్యమ్మా నీది!" అని ఆమెనే పొగిడారు. వండింది నేను! ఆ పరిస్థితిలో, తలెత్తుకోలేని ఆ సిగ్గులో కూడా, మీతో అబద్ధమెందుకు, నాకు కడుపు మండింది.

సాయంత్రం వాళ్ళు బయల్దేరేటప్పుడు గుమ్మం దాకా పోయాను. "అక్కా" అన్నాను.

"ఇవ్వనని చెప్పొచ్చు కదా చెల్లీ," అంది వసంతక్క చెప్పులు వేసుకుంటూ. నవ్వడం లేదు. "నేనేమన్నా అనుకునేదాన్నా? రెండు నిమిషాలు బాధపడి ఊరుకునేదాన్ని. ఇప్పుడు చూడు, నా పిల్లల చేతులు తోలు ఊడేదాకా తోమాను. రెండు రోజులుగా వాళ్ళకేమవుద్దోనని నిద్రలేదు నాకు."

అప్పుడు తగిలింది నాకు. పిల్లలు తుమ్మితే భయపడేదాన్ని నేనొక్కదాన్నే అనుకున్నాను ఇన్నాళ్ళూ.

"తప్పయింది అక్కా," అన్నాను.

"అయింది," అంది ఆమె. రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది. "కూర మాత్రం బాగా చేశావు. అది నా పెరటి గొప్ప కాదు." ఆ మాట పదిమందిలో అనొచ్చు కదా!

*

మర్నాడు పొద్దున పిల్లలిద్దరూ పాల గ్లాసులు ముందు పెట్టుకుని, ఎప్పటిలాగే తాగకుండా కూర్చున్నారు.

"అమ్మా," అన్నాడు రవి, "నీకు పెద్దమ్మ మీద కుళ్ళు అని నానమ్మ నాయనతోని అన్నది. నిజమేనా?"

ఇంతకంటే మంచి సమయం రాదనిపించింది. చీర కొంగు సర్దుకుని, కోర్టులో నిలబడ్డట్టు నిలబడి, కుడిచెయ్యి చాపాను.

"నిజమే. అందుకే మీ ఇద్దరి ముందర ఒట్టు పెడుతున్న, వినున్రి. ఇగ నేను బతికున్నన్ని రోజులు ఎవరికీ ఒకటి చెప్పి ఇంకోటి కట్టియ్య. ఇయ్యబుద్ధయితే మంచిదే ఇస్త. ఇయ్యబుద్ధి కాకపోతే, నాకు కుళ్ళుగ ఉన్నది, నేనియ్య అని మొఖం మీదనే చెప్త. మంచి పువ్వును తెగులు అన. తెలియనిదాన్ని కాలేజీల చదివిన అని అన."

చిన్ని చప్పట్లు కొట్టింది. రవి కొట్టలేదు. వాడు అసలు సంగతి దగ్గరికి వచ్చాడు.

"అయితే పెద్దమ్మ మంచిదా, నువ్వు మంచిదానివా?"

పాల గ్లాసులు రెండూ వాళ్ళ ముందుకు జరిపాను.

"పెద్దమ్మనే మంచిది. గీ మాట నేను దినానికి ఒక్కసారే అంట. ఇయ్యాల్టిది అయిపోయింది. ఇగ పాలు తాగున్రి."